గుత్తిలో కృష్ణబిలాలు ఎలా జతకడతాయి? మిద్దె మీద చూపించే పద్ధతి

అనంతపురం వైపు గుత్తి అన్నామంటే ఎవరికైనా కొండమీది కోట గుర్తొస్తుంది, లేదంటే రైల్వే జంక్షన్. నేను చెప్పబోయే గుత్తి ఆకాశంలోది. ద్రాక్షగుత్తిలో కాయలు ఇరుక్కున్నట్లు లక్షల నక్షత్రాలు ఒకేచోట ఇరుక్కుని ఉంటాయి. పుస్తకాల్లో దాన్ని గోళాకార తారాగుచ్ఛం అంటారు. నోరు తిరగదు కాబట్టి గుత్తి అనే అందాం.

ఇలాంటి గుత్తుల నడుమ కృష్ణబిలాలు, అంటే వెలుగు కూడా బయటపడలేనంత ఆకర్షణ ఉన్నవి, జోడీలు కడతాయి. ఆ జోడీల్లో కొన్ని చివరికి ఒకటైపోతాయి. ఇదంతా ఎలా జరుగుతుందో ఇంట్లో పిల్లలకో, వీధిలో నలుగురికో మీరు ఒక్క సాయంత్రంలో చూపించవచ్చు. కావలసినవి కొన్నే: క్యారమ్ బోర్డు, ఫోన్‌లో కాలిక్యులేటర్, చేతులు పట్టుకుని గిర్రున తిరగడానికి ఒప్పుకునే ఇద్దరు పిల్లలు, ఎవరినో అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్స్, వెన్నెల లేని వేసవి రాత్రి. టెలిస్కోప్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

ముందు గుత్తిని చూపించండి

చాలామంది బొమ్మలు, లెక్కలు అన్నీ చెప్పి చివర్లో ఆకాశం చూపిస్తారు. అప్పటికి సగం మంది పిల్లలు చాప మీదే నిద్రపోయి ఉంటారు. ముందు ఆకాశం, తర్వాతే మాటలు.

మనం చూడబోయేది ఒమెగా సెంటారీ. మన సీమవాళ్ళకు ఇందులో ఒక అదృష్టం ఉంది. ఢిల్లీలో అది దిగంతానికి దగ్గరగా, దుమ్ములో కలిసిపోయి ఉంటుంది. అనంతపురంలో దక్షిణాన దాదాపు 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. కడపలోనూ అంతే, కర్నూలులో ఒక డిగ్రీ తక్కువ. మే చివరి వారం దీనికి బాగుంటుంది. చీకటి పడ్డాక ఎనిమిదింటికే కనిపిస్తుంది, తొమ్మిదిన్నర ప్రాంతంలో నిండా పైకి వస్తుంది. అమావాస్యకు ముందు వారం గానీ, తర్వాత రెండు మూడు రోజులు గానీ చూసుకోండి.

ఊళ్ళో మిద్దె మీద నుంచైతే బైనాక్యులర్స్ లేకుండా కష్టం. వీలైతే ఊరికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్లు వెళ్ళండి. అప్పుడు ఊరి లైట్ల వెలుగు మీ వీపు వెనక పడుతుంది. ఉత్తరం వైపు వెళ్తే మాత్రం ఊరి వెలుగులోంచే గుత్తిని వెతుక్కోవాలి. నేను మొదటిసారి చేసిన తెలివితక్కువ పని అదే. రామగిరి వైపు వెళ్ళేవాళ్ళు గాలిమరల మీద మిణుకుమనే ఎర్రలైట్లు అడ్డం రాకుండా చోటు చూసుకోండి.

ఇక వెతకడం. సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగిస్తూ పోతే కాస్త నారింజరంగు స్వాతి తగులుతుంది. ఇంకా పొడిగిస్తే తెల్లటి చిత్త. చిత్త సరిగ్గా దక్షిణానికి వచ్చినప్పుడు గుత్తి కూడా దక్షిణానికే వస్తుంది, రెండూ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉంటాయి. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. చిత్త నుంచి మూడున్నర పిడికిళ్ళు నేరుగా కిందికి దిగండి. అక్కడ మసకగా ఒక చుక్క. ఇంకా కింద, కాస్త కుడివైపు త్రిశంకు కనిపిస్తే మీరు దారి తప్పలేదన్నమాట.

బైనాక్యులర్స్‌లో అది చుక్కలా ఉండదు, పలక మీద సుద్దను చేత్తో తుడిచిన మరకలా ఉంటుంది. ఒక పిల్లవాడు చూసి, "ఏంది సార్, చుక్కకు బూజు పట్టినట్లుండాది" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ బూజులో సుమారు కోటి నక్షత్రాలున్నాయి. మనకు అది 17 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరం.

ఇరుకు ఎంతో చెప్పండి

ఇక్కడ రెండే అంకెలు చెప్పి ఊరుకోండి. సూర్యుడికి పక్కింటి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ గుత్తి నడిబొడ్డులో పక్కింటికి దూరం ఒక కాంతి సంవత్సరంలో పదో వంతు. మన సూర్యుడిది మెట్టచేలో ఒంటరి కొట్టం అయితే, అక్కడిది కదిరి తేరు రోజు రథం చుట్టూ ఉండే జనం. పొలంలో ఇద్దరు అనుకోకుండా గుద్దుకోవడం జరగని పని. తేరులో గుద్దుకోకుండా నడవడం జరగని పని. కృష్ణబిలాల జోడీల కథకు ఈ ఇరుకే మూలం.

గుత్తి పుట్టిన కొత్తలో బాగా బరువైన నక్షత్రాలు, అంటే సూర్యుడికి ఇరవై రెట్లు, ఆ పైన ఉన్నవి, తొందరగా కాలిపోతాయి. ముప్పై లక్షల ఏళ్ళ నుంచి కోటి ఏళ్ళలో వాటి పని అయిపోయి, చాలావరకు కృష్ణబిలాలవుతాయి. పాత గుత్తుల నక్షత్రాల్లో ఇనుములాంటి బరువైన మూలకాలు తక్కువ. అందువల్ల వాటి గాలులు బలహీనంగా ఉంటాయి, ఒంటి మీది పదార్థం ఎక్కువగా ఎగిరిపోదు, మిగిలే కృష్ణబిలం బరువుగా ఉంటుంది. ఒక్కో పెద్ద గుత్తిలో ఇలా వందల్లో, వేలల్లో పుడతాయి. కొన్ని పుట్టినప్పటి తోపుకే బయటికి ఎగిరిపోతాయి. మిగిలినవాటితోనే మన కథ.

బరువైనది మునుగుతుంది: క్యారమ్ బోర్డు తెరవండి

ఈ మెట్టు దగ్గర నేనొకసారి అభాసుపాలయ్యాను. ఒక బడిలో చేటలో బుడ్డలు, గులకరాళ్ళు కలిపిపోసి, "కుదిపితే బరువైనవి అడుక్కి పోతాయి చూడండి" అన్నాను. కుదుపుతూ ఉంటే పెద్ద గులకరాళ్ళు ఒక్కొక్కటే పైకి తేలాయి. పిల్లలు గొల్లున నవ్వారు. చేటలో చిన్న గింజలు సందుల్లోంచి కిందికి జారి పెద్దవాటిని పైకి నెడతాయి, నక్షత్రాల మధ్య అలాంటి సందుల వ్యవహారం ఏమీ లేదు. కాబట్టి చేట వద్దు.

క్యారమ్ బోర్డు అబద్ధం చెప్పదు. పౌడర్ చల్లండి. బోర్డు మధ్యలో ఒక కాయిన్ పెట్టి స్ట్రైకర్‌తో సూటిగా, నిండుగా కొట్టండి. స్ట్రైకర్ దాదాపు 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాములు. లెక్క ప్రకారం స్ట్రైకర్ వచ్చిన వేగానికి కాయిన్ ఒకటిన్నర రెట్ల వేగంతో పోతుంది, స్ట్రైకర్‌కు మిగిలేది సగం. బోర్డు రాపిడిని పక్కన పెడితే కంటికీ అలాగే కనిపిస్తుంది: తేలికది దూసుకుపోతుంది, బరువైనది నీరసపడుతుంది. ఇదే పదిసార్లు చేయించండి, కళ్ళకు అలవాటు పడాలి.

గుత్తిలో నక్షత్రాలు నిజంగా ఒకదాన్నొకటి తాకవు. పక్కనుంచి పోతూ ఆకర్షణతోనే లాక్కుంటాయి. అయినా ఇచ్చిపుచ్చుకోవడం ఇలాగే ఉంటుంది. కృష్ణబిలం ఎదురైన ప్రతి తేలిక నక్షత్రానికీ కొంత వేగం ధారపోస్తుంది. వేగం తగ్గినది గుత్తి మధ్యకు దిగుతుంది, వేగం దొరికినది అంచుకు పోతుంది. బోర్డు మీద ఆ దిగడం కనిపించదు, దాన్ని మాటల్లో చెప్పక తప్పదు. పదార్థం మధ్య పోయే బరువైన వస్తువు ఇలా వేగం కోల్పోవడాన్ని 1943లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్కగట్టారు. కాలిపోయిన నక్షత్రం ఎంత బరువుదాకా తెల్ల మరుగుజ్జుగా నిలవగలదో హద్దు కట్టిన ఆయనే ఈయన అని చెబితే పెద్ద క్లాసుల పిల్లలు గుర్తుపడతారు.

కొంతకాలానికి గుత్తి నడుమ కృష్ణబిలాల గుంపు ఒకటి తయారవుతుంది. తేరు జనం మధ్యలో వస్తాదులంతా ఒకచోట చేరినట్లు.

జోడీ కుదిర్చే మూడోవాడు

రెండు కృష్ణబిలాలు ఎదురైతే చాలు, ఆకర్షణతో అతుక్కుపోతాయని అందరూ అనుకుంటారు. మీరు ముందుగా తీసేయాల్సిన అపోహ ఇదే. ఒకదాని వైపు ఒకటి పడేకొద్దీ రెంటికీ వేగం పెరుగుతుంది. ఆ వేగంతోనే పక్కనుంచి దాటి మళ్ళీ దూరమవుతాయి. గిన్నె అంచు నుంచి వదిలిన గోలీ అడుగుదాకా వచ్చి అవతలి అంచు ఎక్కినట్లే. నిలవాలంటే ఆ వేగంలో కొంత ఎవరో ఒకరు పట్టుకుపోవాలి.

అందుకు మూడోది కావాలి. మూడు కృష్ణబిలాలు ఒకేసారి దగ్గరపడితే, కాసేపు పెనుగులాట జరిగి, ఒకటి ఎక్కువ వేగంతో బయటికి ఎగిరిపోతుంది. మిగిలిన రెండూ అంతమేరకు శక్తి పోగొట్టుకుని జోడీగా మిగులుతాయి. పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధం కుదిర్చి, కమీషన్ జేబులో వేసుకుని పోయినట్లు. ఇక్కడ కమీషన్ అంటే వేగం.

ఇంకో దారి కూడా ఉంది, ఇది కొంచెం దుర్మార్గం. అప్పటికే ఒక కృష్ణబిలం ఒక మామూలు నక్షత్రంతో జోడీగా ఉంటుంది. అంతకంటే బరువైన ఇంకో కృష్ణబిలం వచ్చి తగులుకుంటుంది. పెనుగులాటలో బయటికి పోయేది చాలాసార్లు ఆ ముగ్గురిలో తేలికైనదే. అంటే నక్షత్రం పోయి, కొత్త కృష్ణబిలం దాని స్థానంలో కూర్చుంటుంది. ఇలా చేతులు మారుతూ మారుతూ గుత్తిలో బరువైనవి బరువైనవాటితోనే తేలతాయి.

ఒప్పులకుప్ప ఆడించండి

ఇసుక ఉన్నచోట, చెప్పులు విప్పించి, ఇద్దరు పిల్లల్ని ఒప్పులకుప్ప తిరగమనండి. చేతులు బారుగా చాచినప్పుడు నెమ్మదిగా తిరుగుతారు. తిరుగుతూనే మోచేతులు మడిచి దగ్గరికి రమ్మంటే వేగం అందుకుంటారు. ఇప్పుడు మూడో పిల్లను పక్కనుంచి మెత్తగా తగలమనండి. బారుచేతులప్పుడు తగిలితే జోడీ చేతులు విడిపోవచ్చు. దగ్గరగా గిర్రున తిరుగుతున్నప్పుడు తగిలితే వచ్చిన పిల్లే ఎగిరి ఇసుకలో పడుతుంది. నవ్వులు అయ్యేదాకా ఆగండి, ఆ తర్వాత చెప్పాల్సింది ఉంది.

డగ్లస్ హెగ్గీ అనే శాస్త్రవేత్త 1975లో చెప్పిన సూత్రం ఇదే: గట్టి జోడీ ఢీల వల్ల ఇంకా గట్టిపడుతుంది, వదులు జోడీ ఇంకా వదులవుతుంది. గట్టి జోడీ దగ్గరికి మూడోది వచ్చినప్పుడల్లా అది ఎక్కువ వేగంతో తిరిగిపోతుంది, ఆ మేరకు జోడీ మధ్య దూరం తగ్గుతుంది. శక్తి పోగొట్టుకుంటే వేగం తగ్గాలి కదా అని ఎవరైనా అడుగుతారు. ఆకర్షణతో తిరిగేవాటి లెక్క తలకిందులుగా ఉంటుంది. శక్తి పోతే దగ్గరపడతాయి, దగ్గరపడితే ఇంకా వేగంగా తిరుగుతాయి. నిజం చెప్పాలంటే ఆటలో చిన్న మోసం ఉంది. పిల్లలు దగ్గరికి రావడానికి కండబలం వాడుతున్నారు, కృష్ణబిలాలకు ఆ ఖర్చు లేదు. పెద్దవాళ్ళెవరైనా పట్టుకుంటే ఒప్పేసుకోండి.

కాలిక్యులేటర్ తీసి చక్రవడ్డీ కట్టండి

ఈ మెట్టు నాకు బాగా ఇష్టం. మన దగ్గర వడ్డీలెక్క రానివాళ్ళుండరు.

రెండు కృష్ణబిలాలు, ఒక్కొక్కటి 30 సూర్యుల బరువు, 150 కోట్ల కిలోమీటర్ల ఎడంగా తిరుగుతున్నాయనుకోండి. ఇంచుమించు సూర్యుడి నుంచి శని గ్రహానికి ఉన్నంత దూరం. దాన్ని 3 కోట్ల కిలోమీటర్లకు, అంటే సూర్యుడి నుంచి బుధుడికి ఉన్న దూరంలో దాదాపు సగానికి తేవాలి. దూరం ఎన్ని రెట్లు తగ్గితే బంధం అన్ని రెట్లు గట్టిపడినట్లు, అంటే 50 రెట్లు గట్టిపడాలి. సుమారుగా తమంత బరువైనవాటితో ఢీ జరిగితే, సగటున ఒక్కో ఢీకి బంధం 20 శాతం పెరుగుతుందని అనుకుందాం. నూటికి ఇరవై చొప్పున చక్రవడ్డీ అన్నమాట. ఫోన్‌లో 1.2ను 1.2తో గుణిస్తూ పొమ్మనండి. ఇరవై ఒకటో సారికి 46, ఇరవై రెండో సారికి 55. ఇరవై రెండు ఢీలు చాలు.

ఇంత కష్టపడి 3 కోట్ల కిలోమీటర్లకే ఎందుకు తేవాలి? జోడీగా తిరిగేవి గురుత్వ తరంగాల (అంతరిక్షంలోనే లేచే అలల) రూపంలో శక్తి పోగొట్టుకుంటూ నెమ్మదిగా దగ్గరపడతాయి. దానికి పట్టే కాలం దూరం మీద భయంకరంగా ఆధారపడుతుంది. దూరం సగమైతే కాలం పదహారో వంతు. పైన చెప్పిన జోడీనే గుండ్రని దారిలో తిప్పితే, భూమికీ సూర్యుడికీ ఉన్న 15 కోట్ల కిలోమీటర్ల ఎడంలో అవి కలవడానికి సుమారు 6 లక్షల కోట్ల ఏళ్ళు పడుతుంది. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్ళు. అంటే ఈ జోడీ కలవదు. 3 కోట్ల కిలోమీటర్లకు తెస్తే 950 కోట్ల ఏళ్ళు, విశ్వం వయసులో ఇమిడింది. కోటిన్నరకు తెస్తే 60 కోట్ల ఏళ్ళు. 75 లక్షలకు తెస్తే నాలుగు కోట్ల లోపే. పిల్లలచేత పదహారుతో భాగహారం చేయించండి, నోటితో చెప్పేయవద్దు.

ఇక్కడ ఇంకో మాట చేర్చాలి. పెనుగులాటల్లో పుట్టే జోడీల దారి గుండ్రంగా ఉండాలని లేదు, దోసకాయలా సాగి ఉండవచ్చు. బాగా సాగిన దారిలో ప్రతి చుట్టులోనూ ఒకసారి చాలా దగ్గరగా వస్తాయి, తరంగాలు అక్కడే ఎక్కువగా పోతాయి. కాలం వందల రెట్లు తగ్గిపోవచ్చు. మూడింటి పెనుగులాట నడుస్తుండగానే రెండు కలిసిపోవడం కూడా జరగవచ్చు.

ప్రతి ఢీలోనూ జోడీకి కూడా ఎదురుదెబ్బ తగులుతుంది, తుపాకీ పేలిస్తే భుజానికి తగిలినట్లు. జోడీ గట్టిపడేకొద్దీ ఆ దెబ్బ పెరుగుతుంది. ఇలాంటి గుత్తి నుంచి తప్పించుకోవడానికి సెకనుకు కొన్ని పదుల కిలోమీటర్ల వేగం చాలు. ఒకరోజు ఆ వేగం వచ్చేస్తుంది, జోడీ మొత్తంగా గుత్తి బయట పడుతుంది. అప్పటికే తగినంత దగ్గరపడి ఉంటే బయట ఒంటరిగా తిరుగుతూ తిరుగుతూ ఎప్పుడో కలుస్తాయి. లగ్నం ఊళ్ళో, కాపురం పరాయి ఊళ్ళో.

చివరి క్షణాన్ని వినిపించండి

2015 సెప్టెంబరు 14న అమెరికాలో గురుత్వ తరంగాలను పట్టే రెండు లైగో కేంద్రాలు ఇలాంటి కలయికను మొదటిసారి పట్టుకున్నాయి. 36, 29 సూర్యుల బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసి 62 అయ్యాయి. కూడమనండి: 65 రావాలి. తగ్గిన మూడు సూర్యుల బరువు తరంగాలుగా పోయింది. అది 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరం ప్రయాణించి వచ్చేసరికి, నాలుగు కిలోమీటర్ల పొడవున్న లైగో చేతుల్లో, అంటే గొట్టాల్లో, మార్పు ఒక ప్రోటాన్ వెడల్పులో వందో వంతు కూడా లేదు.

లైగో సమాచారం అందరికీ ఉచితంగానే దొరుకుతుంది, శబ్దంగా మార్చిన ఫైళ్ళు కూడా ఉన్నాయి. ముందే ఫోన్‌లోకి దించుకోండి, చేనులో సిగ్నల్ ఉండదు. అసలు శబ్దం సెకనులో ఐదో వంతే. 35 హెర్ట్జ్ నుంచి 250 హెర్ట్జ్ దాకా జర్రున పైకెక్కి ఆగిపోతుంది. చిన్న ఫోన్ స్పీకర్‌లో ఆ మంద్రం వినపడదు, ఇయర్‌ఫోన్స్ గానీ బ్లూటూత్ స్పీకర్ గానీ వాడండి. నీళ్ళకుండలో చుక్క పడినట్లు "గుబుక్" అంటుంది. పిల్లలు నిరాశపడతారు, నాలుగుసార్లు వేస్తే ఐదోసారి వాళ్ళే అడుగుతారు.

కలిశాక కథ అయిపోలేదు. తరంగాలు ఒక పక్కకు ఎక్కువగా పోతే, కొత్త కృష్ణబిలం రెండో పక్కకు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో తన్నుకుపోవచ్చు. మామూలు గుత్తి దాన్ని పట్టుకోలేదు. పట్టుకోగలిగితే మాత్రం అది మళ్ళీ జోడీ కడుతుంది, మళ్ళీ కలుస్తుంది. 2019 మే 21న అందిన సంకేతంలో 85, 66 సూర్యుల బరువున్నవి కలిసి 142 అయ్యాయి. 85 సూర్యులంత బరువైన కృష్ణబిలం ఒక నక్షత్రం చావుతో నేరుగా పుట్టడం కష్టం, ఎందుకంటే ఆ స్థాయి నక్షత్రాలు ఏమీ మిగలకుండా పేలిపోతాయి. కాబట్టి 85 అనేది అంతకుముందే ఒక కలయికలో పుట్టి ఉండవచ్చని చాలామంది అనుకుంటున్నారు. 2023 నవంబరు 23 నాటి సంకేతం ఇంకా పెద్దది, కలిశాక 225 సూర్యుల ప్రాంతం.

"గుత్తిలో జరిగిందని ఎవరైనా చూశారా?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. తడబడకండి. ఫలానా కలయిక ఫలానా గుత్తిలో జరిగిందని ఇంతవరకు వేలెత్తి చూపలేదు, లైగో చూపించే దిక్కు ఆకాశంలో చాలా పెద్ద ముక్క. గుత్తి అవసరం లేకుండా, కవలలుగా పుట్టిన రెండు పెద్ద నక్షత్రాలు కృష్ణబిలాలై కలిసే దారి కూడా ఉంది. ఆ రెంటినీ వేరుచేసే ఆనవాలు బొంగరం తీరు. కవలలుగా పుట్టినవి చాలావరకు ఒకే వైపు ఆత్మభ్రమణం చేస్తాయి. గుత్తిలో తారసపడినవి ఎవరి దిక్కు వారిదిగా తిరుగుతాయి. సంకేతాల్లో రెండు రకాలూ కలగలిసి కనిపిస్తున్నాయి. మహారాష్ట్రలోని హింగోళి జిల్లాలో కట్టే లైగో ఇండియా కూడా తోడైతే దిక్కు ఇంకా కచ్చితంగా తెలుస్తుంది.

గుత్తుల్లో కృష్ణబిలాలున్నాయనడానికి మాత్రం రుజువులున్నాయి. 2018లో ఎన్‌జీసీ 3201 అనే గుత్తిలో ఒక నక్షత్రం 167 రోజులకొకసారి కనిపించని దేని చుట్టూనో తిరుగుతోందని తేలింది. దాని బరువు కనీసం నాలుగు సూర్యులు. మనం చూసిన ఒమెగా సెంటారీలోనే, ఇరవై ఏళ్ళ హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ చిత్రాలను పోల్చి చూస్తే ఏడు నక్షత్రాలు ఉండాల్సినదానికంటే వేగంగా పరుగెడుతున్నట్లు 2024లో తెలిసింది. వాటిని పట్టి ఉంచాలంటే మధ్యలో కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉండాలి. ఇది చెప్పాక బైనాక్యులర్స్ మళ్ళీ ఒక చుట్టు తిప్పండి. మొదట "అంతేనా" అన్నవాళ్ళు ఈసారి తొందరగా వదలరు.

సెప్టెంబరులో మిద్దె మీద ఇంకోసారి

వేసవిలో కుదరనివాళ్ళు సెప్టెంబరు మధ్యలో, మబ్బు లేని రాత్రి ఎనిమిదిన్నరకు మిద్దె మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి. నడినెత్తికి కాస్త దక్షిణంగా ప్రకాశంగా ఉన్నది శ్రవణం. ఆ శ్రవణానికి కొంచెం ఎగువన, అనంతపురంవాళ్ళకు దాదాపు సరిగ్గా నడినెత్తిన, గయా బీహెచ్3 ఉంది. 33 సూర్యుల బరువున్న కృష్ణబిలం, దూరం సుమారు 2 వేల కాంతి సంవత్సరాలే. గయా అనే అంతరిక్ష టెలిస్కోప్ కొలతల్లో 2024లో బయటపడింది. దాని చుట్టూ ఒక ముసలి నక్షత్రం 11.6 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతోంది. ఆ నక్షత్రం ఎప్పుడో చెదిరిపోయిన ఒక గుత్తి తాలూకు నక్షత్రాల ధారలో నడుస్తోంది. గుత్తి విడిపోయింది, జోడీ మిగిలింది. కంటికి ఏమీ కనిపించదు. "ఎక్కడ సార్?" అంటే వేలు నిట్టనిలువుగా పైకి చూపించండి.